ఎడారి లోయ కథను టోపో మ్యాపుల్లో చదవడం ఎలా? ఓవెన్స్ వ్యాలీతో మొదలుపెడదాం

లాస్ ఏంజెలెస్ నుంచి మామత్ లేక్స్ వైపు కారులో వెళ్ళే తెలుగువాళ్ళు చాలామంది 395 హైవే మీద లోన్ పైన్ ఊళ్ళో కాసేపు ఆగుతారు. పెట్రోలు పోయించుకోవడం, మౌంట్ విట్నీ వెనక కనబడేలా నాలుగు ఫొటోలు, ఒక కాఫీ, మళ్ళీ బండి. ఎడమవైపు మంచుకొండలు, కుడివైపు ఎండిపోయిన తెల్లటి నేల, మధ్యలో ఏమీ లేనట్టు కనిపించే లోయ, అదే ఓవెన్స్ వ్యాలీ. కానీ ఆ లోయలో ఒక పెద్ద సరస్సు మాయమైంది, ఒక పండ్లతోటల ఊరు లేచిపోయింది, అదే చోట పదివేల మందిని ముళ్ళకంచె లోపల పెట్టారు, ఒక భూకంపం ఒక్క రాత్రిలో ఊరిని కూల్చేసింది. ఇందులో చాలా భాగం ఉచితంగా దొరికే టోపోగ్రఫిక్ మ్యాపుల్లోనే, అంటే నేల ఎత్తుపల్లాలని గీతలతో చూపే మ్యాపుల్లోనే ఉంది. ఎలా చదవాలో తెలిస్తే ఇంట్లో టేబుల్ దగ్గర కూర్చునే సగం కథ తెలుసుకోవచ్చు, మిగతా సగం అక్కడికి వెళ్ళినప్పుడు.

డిగ్రీలో జాగ్రఫీ చదివి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. అక్కడ 1:50,000 షీట్లో 20 మీటర్లకో కాంటూర్ (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత), ఇక్కడ లెక్క అడుగుల్లో, అంతే తేడా. ఎప్పుడూ చూడనివాళ్ళకి కూడా పర్లేదు, మొదటినుంచీ చెబుతాను.

ముందు షీట్లు దించుకోండి

అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ తన పాత మ్యాపులన్నీ స్కాన్ చేసి టోపోవ్యూ అనే సైట్లో పెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. సైట్ తెరిచి లోన్ పైన్, కాలిఫోర్నియా అని వెతకండి. ఆ చోటు మీద పడే షీట్లన్నీ ఏళ్ళవారీగా వస్తాయి. ఒక్క షీటుతో సరిపెట్టుకోవద్దు, అసలు విషయమంతా పోల్చడంలోనే ఉంది. కనీసం మూడు కాలాలవి తీసుకోండి: 1907 నాటి మౌంట్ విట్నీ షీట్ (1:125,000), 1950ల ప్రాంతంలో వచ్చిన 15 నిమిషాల షీట్లు (1:62,500; ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు), ఆ తర్వాతి 7.5 నిమిషాల షీట్లు (1:24,000). ఈ చివరి రకంలో లోన్ పైన్, మంజనార్, ఇండిపెండెన్స్, కీలర్, ఓవెన్స్ లేక్ అనే పేర్లతో ఉన్నవి ముందు చాలు. సరస్సు దాదాపు మొత్తం ఒకేచోట చూడాలంటే 1:250,000 స్కేలులో ఉన్న పాత బల్లారట్ షీట్ కూడా దించుకోండి.

జేపీజీ చూడటానికి బాగుంటుంది. కేఎంజెడ్ ఫైల్ అయితే గూగుల్ ఎర్త్‌లో తెరిచి, పాత మ్యాపుని ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి, పారదర్శకత తగ్గిస్తూ పెంచుతూ చూడొచ్చు. దీనికంటే మంచి పద్ధతి నాకు తెలీదు, నిజంగా. క్యూజీఐఎస్ వాడటం వచ్చినవాళ్ళు జియోటిఫ్ తీసుకోండి. స్క్రీన్ మీద ఎంత చూసినా ఒక్క షీటైనా ఏ3 కాగితం మీద ప్రింట్ తీసి, పక్కన ట్రేసింగ్ పేపరు, నాలుగు రంగు పెన్సిళ్ళు పెట్టుకోండి. చేత్తో గీస్తేనే కన్ను ఆగుతుంది.

అంచుల్లో రాసింది చదవకుండా లోపలికి వెళ్ళొద్దు

అందరూ మ్యాపు మధ్యలోకి దూకేస్తారు. ముందు కింది అంచు చూడండి. అక్కడ మీకు కావలసినవి నాలుగు.

ఒకటి, సంవత్సరాలు. ముద్రించిన ఏడాది వేరు, సర్వే చేసిన ఏడాది వేరు. 1907లో అచ్చయిన షీటుకి కొలతలు అంతకు ముందే జరిగాయి. కొన్ని షీట్లలో ఊదారంగు గీతలు, ఊదారంగు ఇళ్ళు కనిపిస్తాయి. అవి తర్వాత ఎప్పుడో విమాన ఫొటోలు చూసి చేర్చినవి, మనిషి వెళ్ళి సరిచూసినవి కావు. ఆ ఊదారంగు ఒక్కటే మీకు రెండు కాలాలని ఒకే కాగితం మీద చూపిస్తుంది, కాబట్టి దాన్ని విడిగా గుర్తుపెట్టుకోండి.

రెండు, స్కేలు. 1:24,000 అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద 240 మీటర్లు. 1:62,500 అయితే ఒక అంగుళం దాదాపు ఒక మైలు. ప్రింట్ తీసినప్పుడు సైజు మారిపోతే ఈ లెక్క పనికిరాదు. అందుకే అంచులో ఉన్న స్కేలు గీతతోనే కొలవండి, అది కూడా కాగితంతోపాటే పెరుగుతుంది, తరుగుతుంది.

మూడు, కాంటూర్ ఇంటర్వెల్. ఒక గోధుమరంగు గీతకీ పక్క గీతకీ ఎత్తులో తేడా ఎంత అన్నది. కొండ ప్రాంతపు షీట్లలో 40 అడుగులో 80 అడుగులో ఉంటుంది. ప్రతి ఐదో గీత లావుగా ఉండి, మీద ఎత్తు రాసి ఉంటుంది. ఈ అంకె భూకంపం దగ్గరికి వచ్చినప్పుడు చాలా ముఖ్యమవుతుంది.

నాలుగు, డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలని లెక్కించడానికి పెట్టుకున్న ఆధారం. పాత షీట్లు ఎక్కువగా 1927 నాటి డేటమ్ మీద ఉంటాయి. మీ ఫోన్ జీపీఎస్ వేరే డేటమ్ వాడుతుంది. అందుకే పాత షీటు మీది అక్షాంశ రేఖాంశాలని ఫోన్లో కొడితే సుమారు వంద మీటర్ల వరకు తేడా రావచ్చు. బావి ఇక్కడే ఉండాలి కదా, లేదేంటి అని టెన్షన్ పడొద్దు.

ఇప్పుడు నేల ఆకారం

షీటుని కొంచెం దూరం పెట్టి చూడండి. పడమట సియెర్రా నెవాడా, తూర్పున ఇన్యో కొండలు. రెండువైపులా గోధుమ గీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టు దట్టంగా ఉంటాయి, మధ్యలో ఖాళీ. గీతలు దగ్గరైతే నిటారుగా ఉన్నట్టు, దూరమైతే చదునుగా ఉన్నట్టు. ఇక్కడ ఒక లెక్క వేయండి. లోన్ పైన్ ఎత్తు 1,136 మీటర్లు, మౌంట్ విట్నీ శిఖరం 4,421 మీటర్లు. స్కేలుతో కొలిస్తే రెండింటి మధ్య నేరు దూరం సుమారు 21 కిలోమీటర్లే. అంత తక్కువ దూరంలో 3,285 మీటర్లు లేవడం మామూలు విషయం కాదు. రెండువైపులా కొండలు లేస్తూంటే మధ్య నేల లోపలికి కుంగిపోయిన లోయ ఇది. మీకు కనిపించే చదును కూడా అసలు రాతి అడుగు కాదు, కొండల నుంచి కొట్టుకొచ్చిన రాళ్ళూ ఇసుకా మట్టీ పేరుకున్న పూడిక. కొన్ని చోట్ల ఆ పూడిక మందం రెండు కిలోమీటర్లు దాటుతుంది.

ఇక లోయ పొడుగునా చూడండి. ఇండిపెండెన్స్ ఊరు 3,925 అడుగులు, దానికి దక్షిణంగా 16 మైళ్ళ దూరంలో లోన్ పైన్ 3,727 అడుగులు. తేడా 198 అడుగులు. అంటే మైలుకి 12 అడుగులు. 40 అడుగుల ఒక కాంటూర్ దిగాలంటే మూడు మైళ్ళకు పైగా నడవాలన్నమాట. ఈ అంకె రాసి పెట్టుకోండి, కాలువ దగ్గర మళ్ళీ పని పడుతుంది.

తర్వాత కొండ మొదళ్ళలో గీతల వంపు చూడండి. లోయలోకి తెరుచుకునే ప్రతి కనుమ నోటి దగ్గర గీతలు విల్లులా వంగి, బొడిపె భాగం లోయవైపు ఉంటుంది. అదే కనుమ లోపల గీతలు ఇంగ్లీషు వి అక్షరంలా ఉండి, మొన పైకి, అంటే వాగు పుట్టిన వైపు చూపిస్తుంది. వి నుంచి విల్లుగా మారే ఆ చోటే విసనకర్ర పిడి. వరదొచ్చినప్పుడు కనుమలోంచి దూసుకొచ్చిన నీళ్ళు అక్కడ ఒక్కసారి వెడల్పై, వేగం తగ్గి, మోసుకొచ్చిన రాళ్ళని అక్కడే దించేస్తాయి. వేల ఏళ్ళ తరబడి దించితే విసనకర్ర ఆకారం. జాగ్రఫీ పుస్తకాల్లో అల్యూవియల్ ఫ్యాన్ అనేది ఇదే. ట్రేసింగ్ పేపరు మీద ఆకుపచ్చ పెన్సిలుతో ఒక్కో విసనకర్ర అంచు గీయండి. సియెర్రా వైపువి ఒకదానితో ఒకటి కలిసిపోయి పొడుగాటి ఏటవాలుగా తయారయ్యాయని, ఇన్యో వైపువి చిన్నగా విడివిడిగా ఉన్నాయని మీకే కనిపిస్తుంది.

ఎందుకు? నీలం గీతలు చూడండి. పడమటి వాగులు చాలావరకు తెగని నీలం గీతలు: లోన్ పైన్ క్రీక్, జార్జ్ క్రీక్, షెపర్డ్ క్రీక్, ఇండిపెండెన్స్ క్రీక్. ఏడాదంతా నీళ్ళుంటాయని అర్థం. తూర్పున గీతలు తెగి తెగి, మధ్యలో చుక్కలతో. వానొస్తేనే నీళ్ళు. పసిఫిక్ నుంచి వచ్చే మేఘాలు సియెర్రా మీదే కురిసేసి ఖాళీ అయిపోతాయి, లోయకి ఏడాదికి ఐదారు అంగుళాల వాన మిగిలితే గొప్ప. ఊళ్ళన్నీ ఎక్కడున్నాయో ఇప్పుడు చూడండి: బిషప్, బిగ్ పైన్, ఇండిపెండెన్స్, లోన్ పైన్, అన్నీ లోయకి పడమటివైపు, మంచు కరిగి వచ్చే ఏదో ఒక వాగు కిందే.

అలబామా హిల్స్ దగ్గర మాత్రం గీతలు ఏ పద్ధతికీ లొంగవు. చిన్న చిన్న మూసిన గుండ్రాలు వందలకొద్దీ గజిబిజిగా ఉంటాయి. అది పక్కనున్న సియెర్రాలో ఉండే గ్రానైటే, మట్టి కింద ఉండగానే పగుళ్ళ వెంట నీళ్ళు దిగి మూలలు అరిగి గుండ్రాళ్ళయి, పైన మట్టి కొట్టుకుపోయాక బయటపడ్డాయి. అక్కడ మూవీ రోడ్ అని పేరు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దుని కూడా హాలీవుడ్ వాళ్ళు ఈ రాళ్ళ మధ్యే తీశారు.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: ఈ నీలం గీత కాంటూర్లని దాటుతోందా, వాటి వెంట నడుస్తోందా?

ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే చాలు, ఈ లోయ చరిత్ర సగం మీ చేతికొస్తుంది. నీళ్ళని వాటి మానాన వదిలేస్తే అన్నిటికంటే ఏటవాలు దారి పట్టుకుంటాయి, అందుకే సహజంగా పుట్టిన వాగు గోధుమ గీతలని అడ్డంగా కోసుకుంటూ దిగుతుంది. మనిషి తవ్విన కాలువ అలా కాదు. ఎత్తు పోగొట్టుకోకుండా ఎంత దూరం తీసుకెళ్తే అంత లాభం కాబట్టి కాంటూర్‌ని ఆనుకుని, కొండ వంపు తిరిగినచోటల్లా తిరుగుతూ వెళ్తుంది. నాగార్జున సాగర్ కాలువల కింద వ్యవసాయం చేసిన కుటుంబాలవాళ్ళకి ఈ మాట ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

1907 షీటులో నీలం గీతలన్నీ ఎర్రటి పెన్సిలుతో దిద్దండి. వాగులు లోయలోకి దిగి ఓవెన్స్ నదిలో కలుస్తాయి, నది దక్షిణానికి పారి ఓవెన్స్ సరస్సులో ఆగిపోతుంది. సముద్రానికి దారి లేదు. ఇప్పుడు 1950ల షీట్లు పక్కన పెట్టండి. ఇండిపెండెన్స్‌కి ఉత్తరాన నదిలోంచే ఒక కొత్త నీలం గీత చీలి, దక్షిణానికి బయల్దేరుతుంది. అదే లాస్ ఏంజెలెస్ అక్వెడక్ట్, ఇక్కడి నీళ్ళని ఆ నగరానికి మోసుకెళ్ళే కాలువ. నగర నీటి శాఖ ఇంజినీరు విలియం మల్హాలండ్ ఆధ్వర్యంలో 1908లో మొదలై, 1913 నవంబర్ 5న నీళ్ళు వదిలారు. పొడవు 233 మైళ్ళు. దారి పొడుగునా ఒక్క పంపు లేదు, మొత్తం వాలు మీదే.

దాన్ని వేలితో అనుసరించండి, నెమ్మదిగా. ఇండిపెండెన్స్ దగ్గర కాలువ ఊరికి తూర్పున, అంటే లోయ అడుగుకి దగ్గరగా ఉంటుంది. మంజనార్ దాటి కిందికి వస్తూంటే అది పడమటికి జరుగుతుంది. అలబామా హిల్స్‌కి ఉత్తరాన హైవేని దాటి, లోన్ పైన్ చేరేసరికి ఊరికి పడమట, కొండల మొదట్లో, ఊరికంటే ఎత్తున నడుస్తూ ఉంటుంది. కాలువ ఎత్తు ఎక్కలేదు. లోయ మైలుకి 12 అడుగుల చొప్పున దిగిపోతోంది, కాలువ మాత్రం అంత దిగడం లేదు. ఇందాక రాసుకున్న అంకె ఇక్కడికి పనికొచ్చింది. ఈ ఒక్క కదలిక కళ్ళతో పట్టుకున్నవాళ్ళకి, మిగతా ఏ కాలువ మ్యాపైనా కష్టం కాదు.

సియెర్రా వాగులు కాలువని చేరే చోట్లు కూడా ఒక్కొక్కటే చూడండి. కొన్ని వాగుల గీతలు కాలువ దగ్గరే ఆగిపోతాయి, అవతలివైపు లేవు. నదినే కాదు, నదికి నీళ్ళు తెచ్చే వాగుల్ని కూడా దారిలోనే పట్టేసుకున్నారు.

కాలువ హైవేని దాటే చోటికి దగ్గర్లోనే అలబామా గేట్స్ ఉన్నాయి. కాలువలోంచి నీళ్ళు బయటికి వదిలే తలుపులు. 1924 నవంబర్ 16న లోయ రైతులు ఆ తలుపులు ఆక్రమించి తెరిచేశారు. నాలుగు రోజులు నీళ్ళు మళ్ళీ పాత దారిలో, నదివైపు పారాయి. వందలమంది కుటుంబాలతో సహా వచ్చి అక్కడే వంటలు చేసుకుని కూర్చున్నారు. అక్కడే ఎందుకు అని మ్యాపుని అడగండి: కాలువ నదికంటే బాగా ఎత్తున ఉంది, ఊరు పక్కనే, తలుపు తీస్తే నీళ్ళు తమంతట తామే పల్లానికి పోతాయి. కొన్ని పోరాటాల స్థలం ఎంచింది నేల వాలే.

పోయిన సరస్సుని మీ చేత్తో గీయండి

ఇది తప్పకుండా చేయండి. ఓవెన్స్ లేక్, కీలర్ షీట్లూ వాటిని ఆనుకున్న షీట్లూ పక్కపక్కన పెట్టి, 3,600 అడుగుల కాంటూర్ వెతికి, నీలం పెన్సిలుతో చుట్టూ గీయండి. 1870లలో నీళ్ళు దాదాపు ఆ మట్టంలోనే ఉండేవి. గీయడం పూర్తయ్యాక మీ ముందు సుమారు 110 చదరపు మైళ్ళ సరస్సు ఉంటుంది. కీలర్ ఊరు సరిగ్గా దాని ఒడ్డున పడుతుంది. ఇప్పుడు ఆ ఊరికి ఎదురుగా ఉన్నది ఉప్పు పేరుకున్న నేల.

ఒడ్డున ఉన్న పేర్లు చదివితే అప్పటి వ్యాపారం బయటికొస్తుంది. తూర్పున కొండ పైన సెర్రో గోర్డో, వెండి, సీసం గనులు. కీలర్ నుంచి అక్కడికి సుమారు 8 మైళ్ళ మట్టి రోడ్డు, 4,500 అడుగులకు పైగా ఎక్కుడు. ఆ రోడ్డు మలుపులు కాంటూర్లని ఎలా కోస్తున్నాయో చూస్తే, బండ్లు లాగిన కంచరగాడిదల మీద జాలేస్తుంది. గని చుట్టూ చిన్న ఇంటూ గుర్తులుంటే తవ్వి చూసిన గుంటలు, సగం నల్లగా ఉన్న చతురస్రం అయితే నిలువు గని. సరస్సుకి పడమటి ఒడ్డున చార్‌కోల్ కిల్న్స్ అని కనిపిస్తుంది, బొగ్గు బట్టీలు. గనుల దగ్గర చెట్లు అయిపోయాక సియెర్రా చెట్లు కొట్టి బొగ్గు కాల్చారు. 1872లో నీటిలోకి దింపిన బెస్సీ బ్రాడీ అనే ఆవిరి పడవ సరస్సు మీద సరుకు దాటించేది. ఎడారిలో ఆవిరి పడవ! 3,600 కాంటూర్ గీయకుండా ఈ మాట నమ్మడం కష్టం.

అక్వెడక్ట్ వచ్చాక 1920ల మధ్యకల్లా సరస్సు ఎండిపోయింది. ఆ తర్వాతి షీట్లలో నిండైన నీలం పోయి, ఎండిన సరస్సు గుర్తులు వస్తాయి. ఎండిన అడుగు నుంచి లేచిన సన్నటి దుమ్ము అమెరికాలోకెల్లా దారుణమైన దుమ్ము సమస్యల్లో ఒకటైంది. 2001 నుంచి నగరమే ఆ నేల మీద పలచగా నీళ్ళు పెట్టి దుమ్ము అణచాల్సి వస్తోంది. ఇప్పటి ఉపగ్రహ చిత్రంలో గళ్ళుగళ్ళుగా కనిపించే మడుగులు అవే. సరళరేఖల అంచులున్న నీళ్ళు ఎక్కడ కనబడ్డా మనిషి చేయి ఉందనుకోండి. నది కింది భాగంలోకి కూడా 2006 డిసెంబర్ నుంచి మళ్ళీ నీళ్ళు వదులుతున్నారు, 62 మైళ్ళ మేర.

ఇంకో రంగు పెన్సిలు తీసుకుని 3,760 అడుగుల దగ్గర మరో గీత గీయండి. మంచుయుగంలో సరస్సు అక్కడిదాకా నిండి, దక్షిణాన హైవీ దగ్గరి పల్లం మీంచి పొర్లింది. ఆ నీళ్ళు చైనా లేక్, సియర్ల్స్, పానమింట్ బేసిన్ల మీదుగా ఒక దశలో డెత్ వ్యాలీ దాకా వెళ్ళాయి. లిటిల్ లేక్ దగ్గర ఫాసిల్ ఫాల్స్ అని పేరుంటుంది చూడండి: లావా రాతిని నీళ్ళు నున్నగా తొలిచిన జలపాతం, నది మాత్రం లేదు. ఇక హైవీలో ఇప్పుడున్నది అక్వెడక్ట్ రిజర్వాయర్. మంచుయుగపు వరద వెతుక్కున్న దారినే ఇంజినీర్లూ వాడుకున్నారు.

కాంటూర్ చెప్పలేని సంగతి

1872 మార్చి 26 తెల్లవారుజామున ఇక్కడ పెద్ద భూకంపం వచ్చింది. లోన్ పైన్‌లో 59 ఇళ్ళుంటే 52 కూలాయి, 27 మంది చనిపోయారు. నేల పక్కకి సుమారు ఆరు మీటర్లు జరిగింది. ఊరికి పడమట ఆ పగులు వెంట, ఒకటికంటే ఎక్కువ భూకంపాలు కలిసి లేపిన గట్టు ఇప్పటికీ ఉంది, ఎత్తు ఆరు మీటర్లకు కాస్త పైన. షీటులో వెతకండి. దొరకదు. ఆరు మీటర్లంటే ఇరవై అడుగులు, మన కాంటూర్ ఇంటర్వెల్ 40. రెండు గీతల మధ్య ఒక చరిత్రాత్మక భూకంపం హాయిగా దాక్కోగలదు.

అలాంటప్పుడు నీళ్ళని సాక్ష్యం అడగాలి. ఊటలు, చిత్తడి గుర్తులు ఒకే వరసలో ఉన్నాయా? వాగులన్నీ ఒకే గీత దగ్గర పక్కకి తిరుగుతున్నాయా? ఊరికి దక్షిణంగా హైవే పక్కన డయాజ్ లేక్ ఉంది, ఆ భూకంపంలో నేల కుంగి ఏర్పడిన చెరువు. ఇంకా స్పష్టంగా కావాలంటే యూఎస్‌జీఎస్ నేషనల్ మ్యాప్ సైట్లో హిల్‌షేడ్ పొర పెట్టుకోండి. లేజర్‌తో కొలిచిన ఎత్తుల మీద పక్కనుంచి వెలుగు పడ్డట్టు చూపిస్తుంది, గట్టు గీతలా తేలుతుంది.

పేరుంది, ఇల్లు లేదు

షీటు మీద అక్షరాలున్నచోట నల్లటి చతురస్రాలు, అంటే ఇళ్ళు, ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అక్కడ ఆగండి. లోన్ పైన్‌కి ఈశాన్యంగా ఓవెన్యో అనే పేరు ఉంది. నెవాడా నుంచి 1883లో కీలర్ దాకా వచ్చిన నారో గేజ్ రైలు, మొహావీ నుంచి 1910లో వచ్చిన స్టాండర్డ్ గేజ్ రైలు అక్కడ కలిసేవి, సరుకంతా ఒక బండిలోంచి ఇంకో బండిలోకి మార్చేవాళ్ళు. 1960లో నారో గేజ్ మూతపడింది. ఇప్పుడు అక్కడ ఊరు లేదు. పట్టాలు తీసేసినా కట్ట మిగులుతుంది, కాబట్టి రోడ్డులా కాక మెల్లటి వంపులతో చాలా దూరం పోయే గీతల్ని అనుమానించండి.

మంజనార్ మీద ఎక్కువసేపు ఉండండి. 1907 షీటులో ఆ ఊరు ఉండదు, ఎందుకంటే 1910లో మొదలైంది. షెపర్డ్, బేర్స్, జార్జ్ వాగుల నీళ్ళతో ఆపిల్, పియర్ తోటలు వేశారు. నగరం నీటి హక్కుల కోసం భూములు కొంటూ పోతే 1920ల చివరికి ఊరు ఖాళీ అయింది. 1942లో అధ్యక్షుడి 9066వ ఉత్తర్వు తర్వాత అదే నేల మీద జపనీస్ అమెరికన్లని నిర్బంధించే క్యాంప్ కట్టారు. చదరపు మైలు కన్నా చిన్న జాగాలో 36 బ్లాకులు, పది వేల మందికి పైగా మనుషులు, ఎనిమిది కాపలా బురుజులు. వాళ్ళలో ఎక్కువమంది అమెరికా పౌరులే. పాత ఊరివాళ్ళు వదిలేసిన చెట్లకి నీళ్ళు పెట్టి బతికించింది కూడా ఆ ఖైదీలే. 1945 నవంబర్లో మూసేశారు. 1992లో జాతీయ చారిత్రక స్థలం చేశారు, కొత్త షీట్లలో ఆ హద్దు కనిపిస్తుంది.

ఇక్కడ మ్యాపుల పరిమితి తెలుసుకోండి. రెండు సర్వేల మధ్య పుట్టి, ఆలోపే పోయినవి షీటుకి చిక్కవు. ఊరు ఉన్నది ఇరవై ఏళ్ళలోపు, క్యాంప్ నాలుగేళ్ళ లోపు. ఆ ఖాళీ పూడ్చాలంటే యూఎస్‌జీఎస్ వాళ్ళదే ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ అనే సైట్లో 1940ల విమాన ఫొటోలు వెతకండి.

ఇంకో పెద్ద ఖాళీ ఉంది, దాన్ని దాటిపోవద్దు. ఈ లోయ పైయూట్ అనే ఆదివాసులది. తెల్లవాళ్ళు రాకముందే బిషప్, బిగ్ పైన్ ప్రాంతాల్లో వాళ్ళు వాగులకి అడ్డుకట్టలు వేసి, కాలువలు తవ్వి, దుంపల మొక్కలకి నీళ్ళు పారించారు. 1930లలో జూలియన్ స్టీవర్డ్ అనే మానవశాస్త్రవేత్త ఆ పద్ధతిని వివరంగా నమోదు చేశాడు. 1862లో ఇండిపెండెన్స్ దగ్గర సైనిక కోట కట్టారు, 1863లో దాదాపు వెయ్యిమందిని అక్కడి నుంచి దక్షిణాన ఫోర్ట్ తెహోన్‌కి నడిపించుకుపోయారు. షీటు మీద కొండల పేర్లు మాత్రం అలబామా, కియర్‌సార్జ్: అమెరికా అంతర్యుద్ధంలో ఒకదానితో ఒకటి తలపడిన రెండు నౌకల పేర్లు, ఇరుపక్షాల అభిమానులైన గని పనివాళ్ళు పోటీపడి పెట్టినవి. పక్కనే ఎండిన పాత కాలువ గీత కాంటూర్ వెంట నడుస్తూ కనబడితే, అది పశువుల రాంచ్ వాళ్ళదే అని వెంటనే తేల్చేయకండి. చాలాచోట్ల వచ్చినవాళ్ళు ఉన్న కాలువలనే వాడుకున్నారు.

అక్కడికి వెళ్ళేటప్పుడు

అక్టోబర్ నుంచి ఏప్రిల్ మధ్య వెళ్ళండి, ఎండాకాలం లోయ అడుగున మధ్యాహ్నం నడవొద్దు. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు కారులో ఉండాలి. కనుమల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు, షీటు ప్రింట్ తీసుకెళ్ళండి, ఎటు వెళ్తున్నారో ఎవరికైనా చెప్పండి. తెగిన గీతలతో చూపిన మట్టి రోడ్లు పాత షీటులో ఉన్నాయంటే ఇప్పుడున్నాయని కాదు, ఒక్క వరదకి కొట్టుకుపోతాయి. పాత గనుల్లోకి అడుగు పెట్టొద్దు. సీసా పెంకులు, రాతి పనిముట్ల ముక్కలు కనబడితే ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి, ప్రభుత్వ భూముల మీంచి తీసుకెళ్ళడం నేరం.

ఒక్క రోజే ఉంటే ఈ వరసలో వెళ్ళండి: పొద్దున్నే మంజనార్, తర్వాత అలబామా గేట్స్ దగ్గర ఆగి కాలువ ఎత్తునీ నది పల్లాన్నీ కంటితో పోల్చుకోండి, లోన్ పైన్ పడమట భూకంపం గట్టు, మధ్యాహ్నం డయాజ్ లేక్, సాయంత్రం ఎండ వాలాక కీలర్. ప్రతిచోటా షీటుకీ నేలకీ తేడా కనబడితే తేదీ వేసి ట్రేసింగ్ పేపరు మీదే రాయండి. ఇంటికొచ్చాక ఉత్తరాన బిగ్ పైన్, ఫిష్ స్ప్రింగ్స్ షీట్లు దించుకుని అగ్నిపర్వతపు తిన్నెలతో మొదలుపెట్టొచ్చు. గుండ్రటి గీతల మధ్యలో, లోపలివైపు చిన్న చిన్న పళ్ళున్న గీత కనబడిందంటే అది గుంట, అంటే తిన్నె నోరు.